లాగే బరువు, మోసే బరువు

"ఈ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది. మీ ట్రైలర్ 7,600 పౌండ్లే. హాయిగా తీసుకెళ్లండి." డాలస్‌లో మా బావకు ఒక షోరూంలో చెప్పిన మాట ఇది. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మాట నమ్మి బయల్దేరితే ట్రక్కు మీద దాని పరిమితి కంటే దాదాపు 130 కిలోలు ఎక్కువ బరువు పడేది. అబద్ధం లేని మాట ఇంత ప్రమాదంలోకి ఎలా తీసుకెళ్తుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కొంచెం సందర్భం. అమెరికాలో కుటుంబంతో తిరిగేవాళ్లలో చాలామంది క్యాంపింగ్ ట్రైలర్ కొంటారు. చక్రాల మీద చిన్న ఇల్లు అనుకోండి. మంచాలు, స్టవ్, ఫ్రిజ్, బాత్‌రూం అన్నీ ఉంటాయి. ఇంజిన్ మాత్రం ఉండదు. దాన్ని పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని నేషనల్ పార్కులకు, చెరువుల పక్కన క్యాంప్‌గ్రౌండ్లకు వెళ్తారు. మా అక్కా బావలకు ఇద్దరు పిల్లలు. ఈ ఎండాకాలం అమ్మ కూడా అక్కడికి వెళ్తోంది. అందరూ కలిసి కొలరాడో కొండలు చూడాలని ప్లాన్. అక్కకు ఒక ట్రైలర్ నచ్చింది, బావకు ఒక ట్రక్కు నచ్చింది. నేను మెకానికల్ మూడో సంవత్సరం కాబట్టి "ఒరే, నీ చదువుకు ఇప్పుడు పని పడింది, ఒకసారి లెక్క చూడు" అని బావ ఇద్దరి వివరాలూ పంపించాడు. కాగితం మీద వేస్తే మన ఫస్ట్ ఇయర్ మెకానిక్స్, మూడో ఏడాది వైబ్రేషన్స్ రెండూ అందులోనే కనిపించాయి.

ఎడ్లబండి చెప్పే పాఠం

ఊళ్లో ఎడ్లబండికి గడ్డి ఎత్తడం చూసినవాళ్లకు ఈ విషయం సగం తెలిసినట్టే. బరువు మరీ వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడలకు కింది నుంచి బిగుస్తుంది. బరువు మరీ ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలను నొక్కేస్తుంది. అందుకే బండి తోలేవాడు ఇరుసుకు కొంచెం ముందుకు బరువు ఉండేలా ఎత్తిస్తాడు. ఎద్దులు బండిని లాగడం ఒక పని, మెడ మీద కొంత బరువు మోయడం ఇంకో పని.

ట్రైలర్ కూడా అంతే. దాని చక్రాలు మధ్యకు కాస్త వెనకగా ఉంటాయి. ముందు కొన ట్రక్కు వెనకున్న ఉక్కు బంతి మీద కూర్చుంటుంది. ఆ బంతి మీద కిందికి పడే బరువును టంగ్ వెయిట్ అంటారు. మామూలు ట్రైలర్లకు ఇది మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 10 కంటే తగ్గితే రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

కాబట్టి ట్రక్కుకు రెండు పరిమితులు విడివిడిగా ఉంటాయి. ఒకటి లాగే బరువు, దీన్ని టో రేటింగ్ అంటారు. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించేది ఇదే. రెండోది మోసే బరువు, అంటే పేలోడ్. ఇది ప్రకటనలో చిన్నక్షరాల్లో ఉంటుంది, అసలు నిజం మాత్రం డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. మనుషులు, సామాన్లు అన్నీ కలిపి ఇంతకు మించరాదు అని ఆ స్టిక్కర్ మీద కిలోల్లోనూ పౌండ్లలోనూ రాసి ఉంటుంది. అది ఆ మోడల్‌కు సగటు లెక్క కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ ఒక్క బండికి వేసిన లెక్క. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబెడితే ఒకదానికీ ఇంకోదానికీ పేలోడ్‌లో వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. నాలుగు చక్రాల డ్రైవ్, పైన గాజు కప్పు, తోలు సీట్లు, పెద్ద చక్రాలు, ఇలా ఏ హంగు చేర్చినా ఆ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. అందుకే ఖరీదు పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గడం తరచుగా చూస్తాం.

బావ ట్రక్కు లెక్క

బావ చూసిన ట్రక్కు అక్కడ హాఫ్ టన్ అని పిలిచే తరగతిది. ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 అన్నీ ఈ తరగతే. ఒకప్పుడు నిజంగానే అర టన్ను మోసేవి కాబట్టి ఆ పేరు వచ్చింది, ఇప్పుడు అంతకంటే ఎక్కువే మోస్తాయి, పేరు మాత్రం ఉండిపోయింది. బావను షోరూంకి మళ్లీ వెళ్లి తలుపు స్టిక్కర్ ఫొటో తీసి పంపమన్నాను. దాని మీద 1,560 పౌండ్లు, అంటే సుమారు 708 కిలోలు అని ఉంది.

ఇప్పుడు ట్రైలర్. బ్రోషర్‌లో దాని బరువు 5,900 పౌండ్లు. ఇది డ్రై వెయిట్, అంటే ఖాళీ బరువు. నీళ్లు, గ్యాస్, గిన్నెలు, దుప్పట్లు, బియ్యం సంచి, పచ్చడి జాడీలు ఏవీ ఇందులో లేవు. చాలా ట్రైలర్లకు బ్యాటరీ కూడా ఈ లెక్కలో ఉండదు. నీళ్లే తీసుకోండి. అమెరికన్ గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే 417 పౌండ్లు అక్కడే వచ్చేస్తాయి. పైగా గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ రెండూ సరిగ్గా ట్రైలర్ ముక్కు మీదే కూర్చుంటాయి కాబట్టి బ్రోషర్‌లో ఇచ్చిన టంగ్ వెయిట్ కూడా తక్కువే చూపిస్తుంది. అందుకని డ్రై వెయిట్‌ను పక్కన పెట్టి జీవీడబ్ల్యూఆర్ తీసుకోవాలి. అంటే ఆ ట్రైలర్ పూర్తిగా నిండినా మించకూడని బరువు. అది 7,600 పౌండ్లు, 3,450 కిలోలకు దగ్గర.

టంగ్ వెయిట్‌కు 13 శాతం వేసుకున్నాను. 988 పౌండ్లు. దాన్ని సర్దే ప్రత్యేక హిచ్ ఇంకో 90. బావ 180, అక్క 140, అమ్మ 140, పిల్లలిద్దరూ 75, 55, మొత్తం 590. చిన్నవాడి కారు సీటు 25. ట్రక్కు వెనక కట్టెలు, చిన్న జనరేటర్, ఐస్ పెట్టె, పనిముట్లు కలిపి 150. అన్నీ కూడితే 1,843 పౌండ్లు. స్టిక్కర్ మీద ఉన్నది 1,560. అంటే 283 పౌండ్లు, సుమారు 128 కిలోలు ఎక్కువ. అమ్మ వెళ్లకుండా ఇంట్లో కూర్చున్నా 143 పౌండ్లు ఎక్కువే.

అదే సమయంలో లాగే లెక్క చూస్తే 11,000లో 7,600, అంటే 69 శాతమే. మొత్తం బండి, ట్రైలర్ కలిపి మించకూడని బరువును జీసీడబ్ల్యూఆర్ అంటారు. ఈ ట్రక్కుకు అది 16,800 పౌండ్లు. మా లెక్కలో ట్రక్కు 5,440, మనుషులు, సామాన్లు, హిచ్ 855, ట్రైలర్ 7,600, మొత్తం 13,895 పౌండ్లు. ఇందులోనూ ఇబ్బంది లేదు. అంటే ఇంజిన్ దాన్ని సులభంగా లాగేస్తుంది. ఇరుగ్గా నలిగేది వెనక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు. అవి కూస్తూ చెప్పవు. బండి బాగానే వెళ్తున్నట్టే ఉంటుంది. అదే ఇందులో ప్రమాదం.

మరి 11,000 ఎక్కడి నుంచి వచ్చింది?

ఒకప్పుడు ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. తర్వాత ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ జే2807 అనే ప్రమాణం తెచ్చింది. టొయోటా ముందుగా 2011 మోడల్ టండ్రాకు దాన్ని పాటించింది, మిగతా పెద్ద కంపెనీలు కొన్నేళ్లకు దారిలోకి వచ్చాయి. ఆ పరీక్షలు తేలికైనవేమీ కావు. ట్రైలర్‌తో సహా నిలబడ్డ చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం 30 సెకన్లలో అందుకోవాలి. 12 శాతం వాలు మీద ఆగి మళ్లీ కదలాలి. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ల ఎత్తు రోడ్డు ఉంది. కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని, వేగం 40 మైళ్ల కంటే తగ్గకుండా అది ఎక్కాలి.

కానీ ఆ పరీక్షలో ట్రక్కులో ఎంతమంది ఉంటారో తెలుసా? ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు. హిచ్ సామాను 70 పౌండ్లు. పిల్లలు లేరు, ఐస్ పెట్టె లేదు, అమ్మ లేదు. టంగ్ వెయిట్ 10 శాతం. ఆ లెక్కన 11,000 ట్రైలర్‌కు 1,100, మనుషులు 300, హిచ్ 70, మొత్తం 1,470. చూశారా, 1,560 లోపే ఉంది. పరీక్ష నిజమే, అంకె నిజమే. ఆ అంకె ఇద్దరు మనుషులు ఖాళీ ట్రక్కులో వెళ్లినప్పటిది. మనవాళ్ల కుటుంబం అలా వెళ్లదు. ముఖ్యంగా మన ఇళ్ల నుంచి పెద్దవాళ్లు వచ్చే ఎండాకాలంలో అసలే వెళ్లదు.

ఎక్కువైతే ఏమవుతుంది? ఒక ఫ్రీ బాడీ డయాగ్రం

ట్రక్కు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 12 అడుగులు అనుకుందాం. హిచ్ బంతి వెనక ఇరుసుకు 5 అడుగుల వెనక ఉంది. దాని మీద 988 పౌండ్లు పడ్డాయి. ముందు చక్రం దగ్గర మొమెంట్లు తీసుకోండి. వెనక ఇరుసు మీద అదనంగా పడేది 988 ఇంటూ 17 బై 12, అంటే 1,400 పౌండ్లు. ముందు ఇరుసు మీద నుంచి 412 పౌండ్లు లేచిపోతాయి. చెరకు లోడుతో వెళ్లే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం మనం చూసిందే. ఇక్కడ చక్రాలు లేవవు, కానీ పట్టు తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలే, బ్రేకు ఎక్కువ భాగం పట్టేదీ ముందు చక్రాలే. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డు వదిలేసి చెట్ల మీద పడతాయి.

దీనికోసమే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అని ఒకటి వాడతారు. ట్రైలర్ నొగల కింద రెండు స్ప్రింగు ఉక్కు కడ్డీలు బిగిస్తారు. అవి వంగి, తిరుగుబలంతో కొంత బరువును ముందు ఇరుసు మీదకు, కొంత ట్రైలర్ చక్రాల మీదకు తోస్తాయి. మంచి పరికరమే, పెద్ద ట్రైలర్లకు తప్పనిసరి లాంటిదే. కానీ అది పెట్టుకున్నంత మాత్రాన తలుపు స్టిక్కర్ మీద అంకె పెరగదు. ట్రక్కు వెనక రిసీవర్ మీద కూడా వేరే స్టిక్కర్ ఉంటుంది. ఈ హిచ్ లేకుండా ఇంత, ఉంటే ఇంత అని రెండు అంకెలు అందులో చూసుకోవాలి.

తోక ఊపడం

ఇది వైబ్రేషన్స్ పేపర్లో చదివిన డ్యాంపింగ్ రేషియో. ట్రైలర్ హిచ్ బంతి దగ్గర ఒక లోలకంలా పక్కకు ఊగగలదు. పెద్ద లారీ పక్కనుంచి దాటినా, అడ్డగాలి కొట్టినా ఒక ఊపు వస్తుంది. తక్కువ వేగంలో టైర్ల పట్టు వల్ల ఆ ఊపు రెండు మూడు సార్లు ఆడి చచ్చిపోతుంది. వేగం పెరిగేకొద్దీ డ్యాంపింగ్ తగ్గుతూ పోతుంది. ఒక వేగం దగ్గర అది సున్నా అవుతుంది. ఆ పైన నెగెటివ్. అంటే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. కొద్ది సెకన్లలో ట్రైలర్ ట్రక్కును కూడా తిప్పేస్తుంది.

ఆ క్రిటికల్ స్పీడ్ ఎక్కడ ఉండాలో మనం బరువు సర్దే తీరు నిర్ణయిస్తుంది. టంగ్ వెయిట్ తగ్గితే ఆ వేగం కిందికి దిగుతుంది. బరువులన్నీ ట్రైలర్ రెండు కొనల్లో పెడితే జడత్వ భ్రామకం పెరిగి ఊపు ఆగడం కష్టమవుతుంది. అందుకే బరువైనవి ఇరుసు దగ్గర, కొంచెం ముందుకు, నేలకు దగ్గరగా పెట్టాలి. వెనక బంపర్ మీద నాలుగు సైకిళ్లు తగిలించడం అందుకే మంచిది కాదు. ట్రక్కు ఇరుసుల మధ్య దూరం ఎక్కువగా ఉంటే, వెనక టైర్లు గట్టిగా ఉంటే ఆ వేగం పైకి వెళ్తుంది. ట్రెడ్‌మిల్ మీద బొమ్మ కారుకు బొమ్మ ట్రైలర్ కట్టి, దాని మీద చిన్న బరువును ముందుకూ వెనక్కూ జరిపితే ఇదంతా కళ్లముందు కనబడుతుంది. మన ల్యాబ్‌లో మినీ ప్రాజెక్టుగా ఎవరైనా చేయొచ్చు, పెద్ద ఖర్చు లేదు.

ఊగడం మొదలైతే డ్రైవర్ చేయాల్సింది కూడా ఈ ఫిజిక్స్ చెప్పిందే. స్టీరింగ్‌తో దాన్ని వెంటాడకూడదు, నిటారుగా పట్టుకోవాలి. ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, డ్యాష్‌బోర్డు దగ్గరున్న బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. అప్పుడు ట్రైలర్ వెనక్కి లాగి తాడు బిగించినట్టు వరసలోకి వస్తుంది. ట్రక్కు కొనేటప్పుడే ఈ కంట్రోలర్ ఉందో లేదో చూసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని చట్టం. ట్రక్కు నుంచి ట్రైలర్ విడిపోతే దానంతట అదే బ్రేకు పడే తీగ, కింద అడ్డంగా వేసే రెండు గొలుసులు కూడా ఉంటాయి. గొలుసులు అడ్డంగా ఎందుకంటే, కొన జారితే నేలకు తగలకుండా ఊయలలా పట్టుకోవడానికి.

గాలి, కొండ

డాలస్ నుంచి కొలరాడో వెళ్లే దారిలో ముందు అమరిల్లో దగ్గర చదును నేల, ఎప్పుడూ ఈదురుగాలి. తర్వాత న్యూ మెక్సికో సరిహద్దు దగ్గర 7,800 అడుగుల రేటన్ పాస్. డెన్వర్ దాటి పడమటికి ఐ-70 మీద వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. ఇంత ఎత్తులో టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. టన్నెల్ దగ్గరికి చేరేసరికి మూడో వంతు దాకా పోయినట్టే. టర్బో ఇంజిన్లకు ఈ నష్టం చాలా తక్కువ. ఎక్కువగా కొండల్లో తిరిగేవాళ్లు టర్బో పెట్రోలో డీజిలో చూడటానికి కారణం ఇదే.

లెక్క ఇలా ఉంటుంది. బావ మొదట అనుకున్న ట్రక్కు, ట్రైలర్ కలిపి 6,300 కిలోలు. 6 శాతం ఎత్తు మీద గురుత్వం వెనక్కి లాగే బలం 3,700 న్యూటన్లు. ట్రైలర్ ముఖం గోడ లాంటిది. దాని వైశాల్యం 7 చదరపు మీటర్లు, డ్రాగ్ గుణకం 0.7 అనుకుంటే గంటకు 90 కిలోమీటర్ల దగ్గర గాలి బలం 1,800. టైర్ల ఘర్షణ ఇంకో 600. మొత్తం 6,100 న్యూటన్లను సెకనుకు 25 మీటర్ల వేగంతో గుణిస్తే 150 కిలోవాట్లు దాటుతుంది, చక్రాల దగ్గరే 200 హార్స్‌పవర్. కొండ మీద అంత వేగం అక్కర్లేదు, కుడి లేన్లో నిదానంగా ఎక్కితే చాలు. చదును రోడ్డు మీద కూడా 65 మైళ్లకు బదులు 55లో వెళ్తే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ 40 శాతం తగ్గుతుంది, ఎందుకంటే అది వేగం ఘనంతో పెరుగుతుంది. చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ల వేగానికే తయారు చేసినవని కూడా గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రిక్ పికప్‌లతో ట్రైలర్ లాగితే ఒక్క చార్జికి వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోవడానికి ముఖ్య కారణం కూడా ఈ గాలే.

ఎక్కడం కంటే దిగడం భయం. టన్నెల్ దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగే దారిలో బ్రేకులు పోయిన లారీల కోసం కంకర నింపిన ఎత్తు దారులు కట్టి ఉంచారంటే అర్థం చేసుకోండి. 6 శాతం వాలులో 8 కిలోమీటర్లు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో దిగితే, గాలీ ఘర్షణా తీసుకోగా మిగిలే శక్తి సుమారు 15 మెగాజౌల్స్. 45 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి. అదంతా బ్రేకు డిస్కుల్లోకి పంపితే అవి కాలి పట్టు వదిలేస్తాయి. అందుకని టో-హాల్ మోడ్ పెట్టి, చిన్న గేరులో దిగుతూ, ఇంజిన్ చేతే ఆపించాలి. బ్రేకును అదేపనిగా తొక్కి పట్టకుండా, కొంచెం గట్టిగా వేసి వేగం తగ్గాక వదిలేయాలి. డీజిల్ ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఈ పనికే ఉంది.

పెద్ద ట్రక్కు కొంటే సరిపోదా?

బావ కూడా ఇదే అడిగాడు. త్రీ క్వార్టర్ టన్ తరగతి, అంటే ఎఫ్-250, 2500 ట్రక్కులు నిజంగా దృఢమైనవి. స్ప్రింగులు, ఇరుసులు, బ్రేకులు అన్నీ పెద్దవి. కానీ రెండు సంగతులు ఉన్నాయి. ఖాళీగా నడిపితే గుంతల్లో ఎగిరిపడతాయి, ఖర్చూ ఎక్కువ. బావ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ట్రక్కులో ఒక్కడే ఆఫీసుకు వెళ్తాడు. రెండోది, డీజిల్ ఇంజిన్ చాలా బరువు. ఆ బరువు పేలోడ్‌లోంచే పోతుంది కాబట్టి అన్ని హంగులున్న డీజిల్ ట్రక్కు స్టిక్కర్ చూస్తే అదే మోడల్ పెట్రోల్ ట్రక్కు కంటే తక్కువ మోస్తుంది. తరగతి పేరు చూసి ఎవరూ కొనకూడదు, అక్కడ కూడా తలుపు తెరిచి చూడాల్సిందే.

చివరకు అక్కా బావలు రెండు వైపుల నుంచీ తగ్గారు. బావ తనకు నచ్చిన గాజు కప్పు, పెద్ద చక్రాల మోడల్ వదిలేశాడు. అదే ట్రక్కులో సాదా రకం, ఎక్కువ లాగే 3.73 ఇరుసు నిష్పత్తి ఉన్నది వెతికాడు. దాని స్టిక్కర్ మీద 1,840 పౌండ్లు ఉంది. అక్క బయటి వంటగది ఉన్న పెద్ద ట్రైలర్ వదిలేసింది. ఇది అంత తేలిగ్గా జరగలేదు, రెండు రోజులు నాతో ఫోన్‌లో సరిగా మాట్లాడలేదు కూడా. "నీ లెక్కల్లో మా సరదా అంతా కొట్టేశావు" అంది. తర్వాత తనే 5,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న చిన్నది ఎంచుకుంది. భోజనం బల్ల దించితే మంచం అయ్యేది అందులో ఉంది, అమ్మకు అది చాలు. ఇప్పుడు లెక్క: టంగ్ వెయిట్ 715, మిగతావి అవే 855, మొత్తం 1,570. 1,840లో 85 శాతం. ఇంకో 270 పౌండ్లు చేతిలో ఉంటాయి. దారిలో అక్క ఏదో ఒకటి కొంటుందని మా అందరికీ తెలుసు కాబట్టి ఆ ఖాళీ అవసరమే.

కాగితం లెక్కను తూకంతో సరిచూసుకోవాలి. అక్కడ హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జిలు ఉంటాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ చక్రాలు మూడూ విడివిడిగా తూస్తాయి, కొద్ది డాలర్ల ఖర్చు. ట్రైలర్ తగిలించి, హిచ్ కడ్డీలు వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పేసి ట్రక్కు ఒక్కటే ఒకసారి తూయాలి. రెండు సార్లూ మనుషులు, సామాన్లు అవే ఉండాలి. ట్రక్కు ఇరుసుల మీద వచ్చిన తేడానే అసలు టంగ్ వెయిట్. బావ మొదటి ప్రయాణానికి ముందు తూయించాడు. ట్రైలర్ 5,200, టంగ్ వెయిట్ 690. 13 శాతానికి కాస్త పైన. కడ్డీలు బిగించి మూడోసారి తూస్తే ముందు ఇరుసు మీదకు ఎంత బరువు తిరిగొచ్చిందో కూడా తెలుస్తుంది.

మనలో చాలామంది రేపు ఎమ్మెస్‌కో ఉద్యోగానికో అక్కడికి వెళ్తారు. వెళ్లకపోయినా మీ అన్నో, పిన్ని కొడుకో ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడగొచ్చు. అప్పుడు ఈ వరస గుర్తుంచుకోండి. ముందు ఎంతమంది ప్రయాణం చేస్తారో రాయాలి. తర్వాత ట్రైలర్ ఎంచుకుని దాని జీవీడబ్ల్యూఆర్‌లో 13 శాతం తీయాలి. మనుషులు, సామాన్లు, హిచ్ బరువు దానికి కలపాలి. ఆ మొత్తానికి పైన కనీసం పది శాతం మిగిలే పేలోడ్ స్టిక్కర్ ఉన్న ట్రక్కును వెతకాలి. ఆ తర్వాతే రిసీవర్ పరిమితి, ఇరుసుల పరిమితి, టైర్లు, బ్రేక్ కంట్రోలర్, ఇంజిన్, రంగు. షోరూంలో అందరూ ఈ వరసను చివరి నుంచి మొదలుపెడతారు. "ఇది ఎంత లాగుతుంది?" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మీరు మాత్రం "ఒకసారి డ్రైవర్ తలుపు తీస్తారా?" అని అడగండి.